విండోస్ 10 ఇంకా వాడుతున్నారా? మైక్రోసాఫ్ట్ భద్రత హామీకి నా రివ్యూ

అందరికీ నమస్కారం, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ ఫోన్‌కి కాదు, లాప్‌టాప్‌కి కాదు. "భద్రతే మాకు ముఖ్యం" అని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మాటకి.

ఏడు రోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్లలోనో, పలాస జీడిపప్పు వ్యాపారులు లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లలోనో చూడండి, విండోస్ 10 ఇంకా కనిపిస్తుంది. దానికి ఉచిత సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

ఆగితే ఏమవుతుంది అంటారా? 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన జిల్లా పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని వార్తలొచ్చాయి. విండోస్ 7 లాంటివాటికి ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ (ప్యాచ్) మార్చిలోనే వచ్చింది, చాలామంది వేసుకోలేదు. సపోర్ట్ అయిపోయిన పాత విండోస్ ఎక్స్‌పీకి మాత్రం, విడిగా డబ్బు కట్టినవాళ్లకి తప్ప, దాడి మొదలయ్యాకే అందరికీ ఇచ్చారు.

మాటలు మాత్రం బాగుంటాయి. కొత్త ఫీచరా, భద్రతా అంటే భద్రతనే ఎంచుకోవాలని 2002లో బిల్ గేట్స్ ఉద్యోగులకి రాశారు. 2024లో మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల కూడా దాదాపు అదే రాశారు. ఇరవై రెండేళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగినట్టు?

నన్ను బాగా కలచివేసింది 2023 సంఘటన. చైనాకు చెందిన హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వీసులో ఉన్న అమెరికా ప్రభుత్వ అధికారుల మెయిల్స్‌లోకి చొరబడ్డారు. అది కనిపెట్టింది అమెరికా విదేశాంగ శాఖ. ఎలాగంటే, మెయిల్స్ ఎవరు తెరిచారో చూపించే లాగ్స్ (రికార్డులు) ఉండే ఎక్కువ ధర ప్లాన్ కొనుక్కుంది కాబట్టి! మామూలు ప్లాన్ వాళ్లకి ఆ లాగ్స్ లేవు. ఇల్లు అమ్మి, తలుపుకి గడియ కావాలంటే వేరే రేటు అన్నట్టు లేదూ? గొడవయ్యాక ఆ లాగ్స్ ఉచితం చేశారు. కంపెనీలో భద్రతా సంస్కృతి సరిపోదని 2024లో అమెరికా ప్రభుత్వ సమీక్షా బోర్డే రాసింది.

అందుకే నా మార్కులు: మాటకి పదికి తొమ్మిది, చేతకి నాలుగు.

ఇక మీ కంప్యూటర్ సంగతి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త ప్రాసెసర్ కావాలి, పాతవాటిలో చాలా పనికిరావు. ఇంట్లో వాడే విండోస్ 10కి 2026 అక్టోబరు 13 వరకు అదనపు అప్‌డేట్లు ప్రకటించారు: 30 డాలర్లు కట్టాలి, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఉచితం. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరవండి, నమోదు లింక్ అక్కడే ఉంటుంది. ట్యాలీ డేటా ఉంటే ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి, వైరస్ దానికీ అంటకుండా ఆ పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్ నుంచి పీకేయండి.