‘ద డావిన్చీ కోడ్’: సినిమాలో మాయమైన తాళం

(తెర మీద: ఐదు చక్రాల రాతి గొట్టం, బాగా దగ్గరగా)

దీని పేరు క్రిప్టెక్స్. ఐదు చక్రాలు, ఒక్కోదాని మీద 26 అక్షరాలు. సరైన ఐదక్షరాల మాట కుదిరితేనే తెరుచుకుంటుంది. గుడ్డిగా తిప్పుకుంటూ పోతే కోటీ 18 లక్షలకు పైగా మాటలు ప్రయత్నించాలి. పగలగొడదామంటే లోపలి గాజు సీసా చిట్లి, అందులోని వెనిగర్ రహస్యం రాసిన పపైరస్‌ను కరిగించేస్తుంది.

డాన్ బ్రౌన్ 2003 నాటి నవలలో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు ఇదే. 2006లో సినిమా వచ్చింది. రాన్ హోవార్డ్ దర్శకుడు, టామ్ హ్యాంక్స్ హీరో. ఎంతో ఆశపడి చూశాను, చివరికి ఉసూరుమనిపించింది. ఎందుకో చెప్పాలంటే కథలోని ముడులు విప్పక తప్పదు. చదవనివాళ్లు ముందు నవల చదివి రండి.

(తెర మీద: రెండు గొట్టాలు, ఒకదానిలో ఒకటి)

నవలలో క్రిప్టెక్స్‌లు రెండు. పెద్దదాన్ని తెరిస్తే లోపల చిన్నది ఉంటుంది. సినిమాలో ఒక్కటే. నిడివి తగ్గించడానికి ఒక పజిల్ తీసేశారు, అంతేగా అనిపించవచ్చు. కానీ ఆ మొదటి తాళం తెరిచే మాట ఏంటో తెలుసా? ‘సోఫియా’ (ఇంగ్లీషులో SOFIA, ఐదక్షరాలు). గ్రీకులో జ్ఞానం అని అర్థం. హీరోయిన్ సోఫీ పేరుకు మూలం అదే.

సోఫీ పదేళ్లుగా తాతతో మాట్లాడలేదు. ఆయన హత్యకు గురయ్యాడు. చిన్నప్పుడు ఆమెకు పజిల్స్ ఇచ్చి ఆడించిన మనిషి, తన జీవితంలోకెల్లా పెద్ద రహస్యానికి మనవరాలి పేరునే తాళంచెవిగా పెట్టుకున్నాడు. విమానంలో కూర్చుని, గొట్టం ఒళ్లో పెట్టుకుని, ఆమె ఒక్కో చక్రం తిప్పుతూ తన పేరులోని అక్షరాలు కూర్చుకుంటుంది. నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయింది అక్కడే. థ్రిల్లర్‌లో అలాంటి చోటు దొరకడం అరుదు. సినిమా దాన్నే వదిలేసింది.

చివర్లోనూ అంతే. కారు ప్రమాదంలో పోయాడనుకున్న సోఫీ తమ్ముడు నవలలో స్కాట్లాండ్‌లోని రాస్లిన్ చాపెల్ అనే పాత చర్చి దగ్గర బతికే కనిపిస్తాడు. సినిమాలో అమ్మమ్మ ఉంటుంది, తమ్ముడు మాత్రం లేడు. కుటుంబం కోసం వెతుక్కునే అమ్మాయి కథలో రెండు చోట్లా కుటుంబానికే కోత పడింది.

ఇంకో బాధ, వేగం. నవలలో 105 చిన్న చిన్న అధ్యాయాలు. చాలాచోట్ల రచయిత ముడి వేసి ఆపేస్తాడు, మనం కాగితం మీద అక్షరాలు అటూ ఇటూ మార్చి చూసుకోవచ్చు. సినిమాలో హీరో చూడగానే అక్షరాలు వెలిగిపోయి జవాబు వచ్చేస్తుంది. మనం బుర్రపెట్టే లోపే సీన్ అయిపోతుంది.

ఇయాన్ మెకెలెన్ నటన మాత్రం అద్భుతం. చరిత్రకారుడు టీబింగ్ పాత్రలో ఆయన తెర మీద ఉన్నంతసేపూ నవల చదువుతున్నట్టే ఉంది.

(తెర మీద: చక్రాలు ఒక్కొక్కటే తిరిగి ‘సోఫియా’ దగ్గర ఆగుతాయి)

సినిమా ఒక్కటే చూసినవాళ్లు, నవలలో ఆ విమానం అధ్యాయాలు తీసి చదవండి. సోఫీ చక్రాలు తిప్పేటప్పుడు మీకేమనిపించిందో నాకు రాయండి.