అనలైజర్ సిగ్నల్ తక్కువ చూపిస్తోందా? ముందు మూత విప్పొద్దు

హోస్ట్: నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి ఆర్ఎఫ్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ టెస్ట్ పరికరాల రిపేరు గురించి. కర్నూలులో ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న అన్న మనతో ఉన్నారు. అన్నా, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెర మీద చూపించే స్పెక్ట్రమ్ అనలైజర్, లెవెల్ తక్కువ చూపిస్తోందని తెస్తే మీరు మొదట ఏం చూస్తారు?

అన్న: ముందైతే స్క్రూడ్రైవర్ పట్టుకోను. ఈమధ్య ఒక కాలేజీ ల్యాబు నుంచి హెచ్‌పీ 8590 సిరీస్ సెట్టు వచ్చింది, పాతదే గానీ గట్టిది. దాని ముందువైపే కాల్ అవుట్ అని ఒక కనెక్టర్ ఉంటుంది, అందులోంచి 300 మెగాహెర్ట్జ్, మైనస్ 20 డీబీఎం సిగ్నల్ వస్తుంది (డీబీఎం అంటే ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే పవర్ కొలత). మంచి కేబుల్‌తో దాన్ని ఇన్‌పుట్‌కు కలిపితే తెర మీద మైనస్ 20 కనపడాలి. కనపడిందంటే చాలావరకు అనలైజర్‌కు ఏమీ కానట్టే, నీ కేబులో కనెక్టరో చూసుకో. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

హోస్ట్: ఇది తేలలేదా?

అన్న: లేదు, బాగా కిందికి పడిపోయింది. అప్పుడు లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్‌ను చేత్తో 10, 20, 30 డీబీ అని మారుస్తూ పోయాను. ముందు అటెన్యుయేటర్ సిగ్నల్‌ను పది డీబీ తగ్గిస్తే వెనక గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, అంతే పెరుగుతుంది కాబట్టి సిగ్నల్ ఎత్తు కదలకూడదు, తెర అడుగున కనపడే నాయిస్ మాత్రం పదేసి డీబీ లేస్తుంది. ఈ సెట్టులో 20 పెడితే కరెక్టుగా ఉంది, 10 పెడితే పడిపోయింది, 30లో మళ్ళీ పడింది. 30 అంటే 10, 20 ప్యాడ్లు (అటెన్యుయేటర్ లోపల సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల గుంపులు) రెండూ కలిసేదే కదా, ఇంక అనుమానమేముంది, 10 డీబీ ప్యాడే.

హోస్ట్: అన్నిట్లోనూ ఒకేలా తక్కువ వస్తే?

అన్న: నాయిస్ చూడు. సిగ్నల్ పడిపోయి నాయిస్ మామూలుగానే ఉంటే నష్టం మిక్సర్ (వచ్చిన సిగ్నల్ ఫ్రీక్వెన్సీని మార్చే భాగం) దగ్గరో అంతకు ముందో. రెండూ కలిసి పడిపోతే మిక్సర్ దాటాక, ఐఎఫ్ గెయిన్‌లో, అంటే ఫ్రీక్వెన్సీ మారిన సిగ్నల్‌ను పెంచే చోట. ఇది చూడకుండా లోపలి ట్రిమ్మర్లు (సెట్టింగు సరిచేసే చిన్న స్క్రూలు) తిప్పి లెవెల్ తెప్పిద్దామని చూస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పాడైన ముక్క అట్లాగే ఉంటుంది, ఫ్యాక్టరీలో చేసిన సెట్టింగూ పోతుంది.

హోస్ట్: ప్యాడు కాలిందని ఖాయం చేసుకున్నదెట్లా?

అన్న: అటెన్యుయేటర్‌ను విడిగా తీసి మల్టీమీటర్ పెట్టాను. మిక్సర్‌కు తగిలించి ఉండగా మీటర్ పెట్టకూడదు, డయోడ్లు పోతాయి. 10 డీబీ ప్యాడులో సిగ్నల్ దారిలో 71 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, రెండు చివర్లలో గ్రౌండ్‌కు 96 ఓమ్‌లవి చెరొకటి ఉంటాయి. అవతలి కొస ఖాళీగా ఉంటే 61 చూపించాలి. మనదాంట్లో ఇన్‌పుట్ వైపు నుంచి మీటర్ అసలు కదల్లేదు, అవతలి వైపు నుంచి 96 వచ్చింది. అంటే చివరిదొక్కటే బతికింది, ముందు రెండూ పోయాయి. భూతద్దం కింద చూస్తే ఇన్‌పుట్ వైపు పొర మీద సన్నటి నల్ల మచ్చ.

హోస్ట్: ఎందుకట్లా కాలింది?

అన్న: వాకీటాకీని నేరుగా తగిలించి బటన్ నొక్కారు. 5 వాట్లంటే ప్లస్ 37 డీబీఎం. ఇన్‌పుట్ భరించేది ప్లస్ 30, అంటే ఒక వాటు. మధ్యలో పది వాట్లు తట్టుకునే 30 డీబీ అటెన్యుయేటర్ పెట్టి ఉంటే లోపలికి ప్లస్ 7 మాత్రమే వెళ్ళేది, ఏ నష్టమూ ఉండేది కాదు.

హోస్ట్: ఇంకేమైనా?

అన్న: మన ఎండాకాలం పొడిగాలి సంగతి మరిచిపోవద్దు. డాబా మీది యాంటెన్నా నుంచి దిగే పొడవాటి కేబుల్‌లో స్టాటిక్ ఛార్జ్ పట్టి ఉంటుంది. తగిలించే ముందు మధ్య పిన్నును పైకవచానికి ఒక్కసారి షార్ట్ చేసి, ఆ తర్వాతే ఇన్‌పుట్‌కు పెట్టు. అటెన్యుయేటర్ కూడా సున్నా మీద ఉంచొద్దు, ఛార్జ్ నేరుగా మిక్సర్‌కే కొడుతుంది.