తెలుగు ఉచ్చారణకి ఎక్స్-శాంపా ఎంతవరకు పనికొస్తుంది? రివ్యూ

నమస్కారం అండీ. ఫొనెటిక్ గుర్తుల్ని, అంటే ఉచ్చారణ చూపే గుర్తుల్ని, మామూలు కీబోర్డుతోనే కొట్టడానికి చాలామంది వాడేది ఎక్స్-శాంపా. యూరప్ భాషలకోసం అప్పటికే ఉన్న శాంపా అనే పద్ధతిని, ఐపీఏ (అన్ని భాషల ధ్వనులకీ వాడే అంతర్జాతీయ గుర్తుల పట్టిక) మొత్తానికీ సరిపోయేలా పెంచి, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన జాన్ వెల్స్ 1995లో దీన్ని తయారుచేశారు. తెలుగు మాటలమీద ఎలా పనిచేస్తుందో చూద్దాం.

డిజైన్ బాగుంది. ట కావాలంటే టి కొట్టి, పక్కనే బ్యాక్‌టిక్, అంటే ఒకటి అంకెకి ఎడమపక్క కీ. డ, ణ, ళ లకీ ఇదే సూత్రం. దీర్ఘానికి కోలన్. ఖ కి కె, అండర్‌స్కోర్, హెచ్. ఆ అండర్‌స్కోర్ వదిలేస్తే క తర్వాత విడిగా హ ఉన్నట్టు లెక్క. భ, ధ లకి మాత్రం హెచ్ కాదండోయ్, అండర్‌స్కోర్ తర్వాత టి. ఇక్కడే ఎక్కువమంది తప్పు కొడతారు. నాకు బాగా నచ్చింది చ విషయం. చాపలో చ కి టి, చిన్న ఎస్. చేపలో చ కి టి, పెద్ద ఎస్. మామూలు రాతలో కనపడని తేడా ఇందులో కనపడుతుంది.

ఆర్‌టీఎస్‌లో, అంటే తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతిలో, తెలుగు కొట్టే అలవాటున్నవాళ్ళు జాగ్రత్త. అక్కడ పెద్ద టి అంటే ట, పెద్ద ఎల్ అంటే ళ. ఇక్కడ పెద్ద టి అంటే ఇంగ్లీషు 'థింక్'లో మొదటి ధ్వని, పెద్ద ఎల్ అంటే తాలవ్య ల. ఫోన్లో మొదటి అక్షరం దానంతటదే పెద్దదైపోతుంది కాబట్టి 'తల' కొట్టినా ఇదే గొడవ. ఆటో-కాపిటల్ ఆపేయండి.

అసలు చిక్కు 'వచ్చాడు'తో. కొట్టాల్సింది ఇది: వి, బ్యాక్‌స్లాష్, ఎ, టి, టి, పెద్ద ఎస్, ఓపెన్ కర్లీ బ్రాకెట్, కోలన్, డి, బ్యాక్‌టిక్, యు. మొత్తం పదకొండు. చూడ్డానికి బానే ఉంది. దీన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు స్ట్రింగ్‌గా పెడితే బ్యాక్‌స్లాష్, ఎ కలిసి బెల్ అనే కంటికి కనపడని క్యారెక్టర్ అయిపోతాయి, వ పోతుంది, ఎర్రర్ కూడా రాదు. డేటా దాచే జేసన్ ఫార్మాట్ నయం, ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. డాక్యుమెంట్లు తయారుచేసే లేటెక్‌కి మూతపడని బ్రాకెట్ పడదు. సాదా టెక్స్ట్‌ని ఫార్మాట్ చేసే మార్క్‌డౌన్‌లో రెండు బ్యాక్‌టిక్‌లు పడితే మధ్యది కోడ్ అనుకుంటుంది. అంటే మన వ, ట-డ లు, 'వచ్చాడు'లో విశాలమైన ఆ, వీటికి పడ్డ గుర్తులే ఫైళ్ళలో ముందు దెబ్బతినేవి. ఈ ఒక్క కారణానికే నేను పూర్తి మార్కులు వెయ్యను.

మరి ఇదే పనికి వాడే కిర్షెన్‌బామ్ పద్ధతో? 1992లో యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో మొదలైంది. ట కి టి, చుక్క, హాయిగా ఉంటుంది. కానీ ఖ లాంటివాటిలో ఒత్తుకి హెచ్‌ని యాంగిల్ బ్రాకెట్లలో పెట్టాలి, వెబ్ పేజీలో నేరుగా పేస్ట్ చేస్తే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ అనుకుని మింగేస్తుంది. చాటింగ్‌కి అది, డేటాకి ఎక్స్-శాంపా, నా ఓటు ఇదీ.

డేటాని ట్యాబ్‌తో విడగొట్టిన సాదా టెక్స్ట్ ఫైల్లో పెట్టండి, కోడ్‌లో రాయాల్సొస్తే రా స్ట్రింగ్ (బ్యాక్‌స్లాష్‌ని ఉన్నదున్నట్టు ఉంచేది) వాడండి. వర్డ్‌లో స్మార్ట్ కోట్స్ ఆపండి, ఎందుకంటే ఊనికకి గుర్తు డబుల్ కోటే. ఐపీఏలోకి మార్చే స్క్రిప్ట్ రాస్తే పొడవైన గుర్తుల్ని ముందు వెతకాలి: నాలుగు క్యారెక్టర్లవి, తర్వాత మూడు, రెండు, చివర్న ఒంటివి. తిరగేస్తే డి ముందే మారిపోయి బ్యాక్‌టిక్ ఒంటరిగా మిగులుతుంది, డ లన్నీ ద లైపోతాయి.