పదికి మూడు మార్కులు

వేదిక మీది పెద్దలకు, ఎండలో కూర్చున్న అమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెప్తే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

బాలల హక్కుల మీద మాట్లాడమన్నారు. చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షను ఉంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. ఆ రెండో ముక్క మన మాస్టర్లలో చాలామందికి పట్టలేదు. నాకూ పట్టలేదు. అందుకే ఒక నోటుబుక్కు తెచ్చాను.

శ్రీకాకుళం జిల్లాలోనే, సముద్రం ఒడ్డు బడి. ఆ ఊళ్ళో మగాళ్ళు బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ పోతారు, నెలల తరబడి రారు. ఏడో తరగతిలో ఒక గుంటడు. తండ్రి వెరావల్లో, తల్లి లేదు, పెదనాన్న ఇంట్లో ఉండేవాడు. వాణ్ణి నేను ‘మొద్దూ’ అనేవాణ్ణి. కోపంతో కాదు, అలవాటు. క్లాసంతా అదే పిలుపు అందుకుంది.

ఒకరోజు ‘నేను’ అని పది వాక్యాలు రాయమన్నాను. వాడు ఒక్కటే రాశాడు. ‘నేను మొదుని.’

నేనేం చేశానో చెప్పమంటారా? ఎర్ర సిరాతో దకారానికి ఒత్తు పెట్టాను. పదికి మూడు వేశాను.

ఆటల పీరియడ్‌లో చొక్కా విప్పితే వీపంతా బెల్టు వాతలు. ఎవరురా అంటే, ‘నాను ఎదవనండి, అందుకే మా పెదనాన్న కొడతాడు’ అన్నాడు. విన్నారా అమ్మా? కొట్టినవాడిది తప్పని పిల్లాడు అనుకోలేడు. అన్నం పెట్టేదీ ఆ చెయ్యే మరి. తప్పంతా తనలోనే ఉందనుకుంటే వాడికి లెక్క సరిపోతుంది. ఇక క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తడు. మనమేమో బుర్ర లేదంటాం.

2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో సర్వే చేయించింది, మనదీ ఉంది. బడికెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. నోటితో కొట్టినవి వేరే. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో పిల్లాడు ‘ఏటండి’ అంటే టీచర్లే నవ్వుతారు! సరే, అది మొదలెడితే ఆగను.

ఇంకొకటి, గట్టిగా చెప్పడానికి అందరూ ఇబ్బంది పడేది. నిన్నటిదాకా గలగలా తిరిగిన పాప ఉన్నట్టుండి ముడుచుకుపోతే, ఒకరింటికి వెళ్ళనని ఏడిస్తే, ‘నోర్మూసుకో, పరువు పోద్ది’ అనకండి. తన ఒళ్ళే పాడైందని ఆ పిల్ల నమ్మేస్తుంది. పిల్లల మీద లైంగిక నేరాలు ఆపడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం నేరం. పిల్లల సాయం కోసం పెట్టిన 1098 నంబరుకి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

టైమయిందని చీటీ వచ్చింది. ఇదిగో ఆ నోటుబుక్కు. ఆ పిల్లాడు మరుసటి ఏడు బడికి రాలేదు, ఇది నా బీరువాలో ఉండిపోయింది. ముందు వరసలో మాస్టర్లు చూడండి, తర్వాత వెనక వరసకి అందించండి. నా ఎర్ర సిరా ఇంకా చెరగలేదు. చూశాక నాకు తెచ్చి ఇచ్చేయండి.