కిటికీ సందులకు సిలికాన్: ఏ ట్యూబ్ కొనాలి, ఎంత అడగాలి?

అందరికీ నమస్తే అండీ. వానాకాలం వచ్చిందంటే హ్యాండీమ్యాన్ పని చేసేవాళ్లకు ఫోన్లు మొదలు. "కిటికీ పక్కన గోడ చెమ్మెక్కుతోంది, సిలికాన్ కొడతారా, ఎంత?" అని. చాలామంది సందు ఎంతుందో చూడకుండానే కిటికీకి ఇంత అని చెప్పేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

ముందు ట్యూబుల సంగతి. మొదటిది మామూలు జీపీ సిలికాన్, అంటే జనరల్ పర్పస్. మూత తీస్తే వెనిగర్ వాసన. గాజుకు బాగా పడుతుంది కానీ సిమెంటుకు సరిగా అంటదు. చౌక కదా అని గోడకూ ఫ్రేముకూ మధ్య కొడితే గోడ వైపు ఊడి వస్తుంది. రెండోది యాక్రిలిక్ సీలెంట్. పైన పెయింట్ వేసుకోవచ్చు, ఆ సుఖం ఉంది. గది లోపల సన్న పగుళ్లకు సరే, బయట ఎండకూ వానకూ నేను వాడను. మూడోది న్యూట్రల్ సిలికాన్, అంటే ఆ వెనిగర్ వాసన రానిది. షాపులో వెదర్ సీలెంట్ అని అడగండి. డౌసిల్ 789 ఈ రకమే. ధర ఎక్కువే, అయినా బయటి వైపుకు నా ఓటు దీనికే. దీని మీద పెయింట్ నిలవదు కాబట్టి రంగు ముందే కస్టమర్‌కి చూపించండి.

ఇక లెక్క. 280 మి.లీ. ట్యూబ్ తీసుకుందాం. సందు 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు ఉంటే దాదాపు 25 అడుగులు వస్తుంది. అదే 10కి 10 అయితే? 9 అడుగులకే ఖాళీ! అందుకే పెద్ద సందులో ముందు ఫోమ్ రాడ్, అంటే మెత్తటి ఫోమ్ తాడు, దూర్చి, లోతు 5 మి.మీ.కి తగ్గించండి. అప్పుడు 18 అడుగులు వస్తుంది. నాలుగు బై నాలుగు కిటికీ చుట్టుకొలత 16 అడుగులే కదా, ఒక ట్యూబ్‌తో అయిపోతుంది, వేస్టేజ్ చూసుకోవాలి.

ట్యూబ్ 250కి పడిందనుకోండి. టేపు, బ్లేడు 50. మీ గంట విలువ 150 అనుకుంటే రెండు గంటలకు 300. పెట్రోల్ 100. ఖర్చే 700 అయ్యింది. దాని మీద మీ లాభం. రన్నింగ్ ఫుట్‌కి, అంటే సందు పొడవులో అడుగుకి, 50 కంటే తక్కువ చెబితే చేతికేమీ మిగలదు. పాత సిలికాన్ గీకాల్సి వస్తే దానికి వేరే రేటు. ఎందుకంటే ఈ పనిలో టైమంతా తినేది గీకుడే, ట్యూబ్ గన్ నొక్కడం కాదు. గీకకుండా పాతదాని మీదే కొట్టేసేవాళ్లున్నారు. ఆ పని ఎక్కువ రోజులు నిలవదు.

పని చేసేటప్పుడు గోడ పొడిగా ఉండాలి, వానలో ఒప్పుకోకండి. దుమ్ము తుడిచి, రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, నాజిల్ ఏటవాలుగా కోసి, ఆగకుండా ఒకే లాగులో వెళ్లండి. తోలు కట్టకముందే వేలితో సాపు చేసి టేపు లాగేయాలి. స్లైడింగ్ ట్రాక్ కింద చిన్న రంధ్రాలుంటాయి, నీళ్లు బయటికి పోయే దారి అది. దాన్ని మూశారో, నీళ్లు గదిలోకే!

పై అంతస్తుల్లో బయటి నుంచి చేయాలంటే తాళ్లు, బెల్టు, అలవాటున్న మనిషి కావాలి. అవి లేకపోతే ఆ పని వదిలేయండి. లోపలి నుంచి మాత్రమే కొడితే నీళ్లు గోడలోనే ఉండిపోతాయి.

సిలికాన్ రోజుకు 2, 3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది. కాబట్టి పైపుతో నీళ్లు కొట్టి చూపించేది మూడు రోజుల తర్వాతే. మిగతా డబ్బు అప్పుడు తీసుకుంటానని ముందే చెప్పేయండి.