వండూరు సముద్రంలో ఒక పూట

శ్రోతలకు నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు మండలాల తీరగ్రామాల్లో ఏ వీధిలోకి వెళ్ళి అడిగినా, ఆ ఇంట్లో కాకపోతే పక్కింట్లో అండమాన్‌లో బతుకుతున్న మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. కొందరు కూలిపనికి, కొందరు వ్యాపారానికి, ఇంకొందరు చేపల వేటకు విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి, రెండు రాత్రులకు పైగా నీళ్ళ మీద ప్రయాణం చేసి, బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న పోర్టుబ్లెయిర్ చేరి అక్కడే స్థిరపడ్డారు. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా, మా ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. అక్కడి జంగ్లీఘాట్ చేపల రేవులో తెల్లవారుజామున నిలబడితే, కోనెం ధర దగ్గర బేరమాడే గొంతుల్లో మన యాసే వినిపిస్తుంది. మా చిన్నమావయ్య ఆ రేవు నుంచే ముప్ఫై ఏళ్ళకు పైగా వేటకు వెళ్ళారు. ఆయన్ను చూసి రావడానికి వెళ్ళినప్పుడు, అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు దగ్గర ఉన్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనాన్ని చూసే అవకాశం నాకు కలిగింది. ఆ ఒక్క పూటలో చూసినదీ, తెలుసుకున్నదీ ఈ రోజు మీతో పంచుకుంటాను.

జాతీయ వనం అనగానే మనకు చెట్లు, జింకలు, పులులు గుర్తుకు వస్తాయి. నీళ్ళను కూడా అడవిలాగే హద్దులు గీసి కాపాడవచ్చునన్న ఆలోచన మన దేశంలో 1980 దశకం మొదట్లో ఆచరణలోకి వచ్చింది. 1982లో గుజరాత్‌లోని కచ్ఛ్ సింధుశాఖలో మొదటి సముద్ర జాతీయ వనం ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1983లో, వండూరు వనం ఏర్పడింది. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ వనం 1986లో వచ్చింది. వండూరు వనం దక్షిణ అండమాన్‌కు నైరుతి దిక్కున సుమారు 281 చదరపు కిలోమీటర్లలో, 15 దీవులనూ వాటి మధ్య ఉన్న కాలువలనూ సముద్రాన్నీ కలుపుకొని ఉంది. ఈ దీవుల్లో యాత్రికులను రానిచ్చేవి రెండే. ఒకటి జాలీబాయ్, రెండోది రెడ్‌స్కిన్. ఆ రెండింటినీ కూడా ఒకేసారి తెరవరు. చలికాలం నుంచి వేసవి వరకు జాలీబాయ్‌కి పడవలు నడుస్తాయి. వానాకాలం వచ్చేసరికి దాన్ని మూసి రెడ్‌స్కిన్‌ను తెరుస్తారు. అంటే ఏడాదిలో కొన్ని నెలల పాటు ఒక్కొక్క దీవికీ మనిషి అడుగు తగలదు.

ఈ ఏర్పాటు గురించి విన్నప్పుడు నాకు వెంటనే మన వేట నిషేధం గుర్తుకు వచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మన తూర్పు తీరంలో మరపడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆ గడువు పెట్టింది. ఆ రెండు నెలలు ఇల్లు గడవడం ఎంత కష్టమో వేట మీద బతికే కుటుంబంలో పుట్టిన నాకు తెలుసు. కష్టమైనా, సముద్రానికి ఆ మాత్రం విరామం ఇవ్వాలన్న మాటను మావాళ్ళు కాదనరు. వండూరులో ఆ విరామం నెలలతో ఆగిపోకుండా నలభై ఏళ్ళుగా సాగుతోంది. అలా విరామం ఇచ్చిన సముద్రం ఎలా ఉంటుందో నా కళ్ళతో చూడాలన్నదే నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది.

ప్రయాణానికి ముందురోజు అటవీ శాఖ అనుమతి తీసుకున్నాం. సోమవారం వనానికి సెలవు కాబట్టి మంగళవారం బయలుదేరాం. పడవలు ఉదయమే కదులుతాయి కనుక చీకటి ఉండగానే ఇంటి నుంచి బయటపడవలసి వచ్చింది. వండూరు రేవులో పడవ ఎక్కే ముందు ఒక తనిఖీ ఉంటుంది. అక్కడి ఉద్యోగి మా సంచులు తెరిపించి, ఒక్కొక్క వస్తువునూ బయటకు తీసి బల్ల మీద పేర్చారు. మా అత్తయ్య ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చిన జంతికలను ఆయన ఎంతో ఓపికగా స్టీలు డబ్బాలోకి మార్పించి, ఆ సంచిని అక్కడే ఉంచేశారు. నీళ్ళ సీసాలు లెక్కపెట్టి, వాటికి కొంత సొమ్ము ధరావతుగా కట్టించుకున్నారు. ఎన్ని సీసాలు తీసుకువెళ్ళామో అన్నీ వెనక్కి తెచ్చి చూపిస్తేనే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. దీవి మీద దుకాణం లేదు, భోజనం దొరకదు, రాత్రి బస లేదు. తినవలసినది ఇంటి నుంచి తీసుకువెళ్ళాలి, మిగిలినది తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి. వరసలో నిలబడిన కొందరు విసుక్కున్నారు గాని, మన కళింగపట్నం ఇసుకలో కార్తీక మాసం వనభోజనాల మరునాడు మిగిలే విస్తళ్ళనూ గ్లాసులనూ చూసినవాడిని కాబట్టి, ఆ ఉద్యోగికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

రేవు పక్కనే ఉన్న ఒడ్డున నిలువెత్తు చెట్ల మొద్దులు ఎండకు తెల్లబడి పడి ఉన్నాయి. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కొంత మేర కిందికి కుంగింది. సునామీ కెరటం వెనక్కి పోయిన తరవాత కూడా ఉప్పునీరు పాత హద్దు దాటి లోపలే నిలిచిపోయిన చోట్లు ఎన్నో ఉన్నాయి. అదే ఒడ్డున మొసళ్ళున్నాయన్న హెచ్చరిక బోర్డులు కూడా కనిపించాయి. అక్కడివి ఉప్పునీటి మొసళ్ళు. కాబట్టి ఎక్కడపడితే అక్కడ నీళ్ళలోకి దిగకూడదు.

పడవ మొదట మడ అడవుల మధ్య నుంచి సాగింది. రెండు పక్కలా చెట్ల వేళ్ళు విల్లుల్లా వంగి నీళ్ళలోకి దిగి ఉన్నాయి. ఆటు సమయం కావడంతో ఆ వేళ్ళకు అంటుకున్న ఆల్చిప్పల వరస, దాని కింద బురద, ఆ బురదలో చిన్న పీతల కన్నాలు స్పష్టంగా కనిపించాయి. ఆ వేళ్ళ చాటున చేపపిల్లలూ రొయ్యపిల్లలూ పెద్ద చేపల నోటికి చిక్కకుండా పెరుగుతాయి. నేలమీది నుంచి కొట్టుకువచ్చే మట్టిని కూడా ఆ వేళ్ళే పట్టి ఉంచుతాయి. ఆ వడపోత లేకపోతే అవతలి పగడాలు బతకడం కష్టం. ఈ మాట నాకు అక్కడికి వెళ్ళాకే అర్థమైంది.

మన తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవని చిన్నప్పుడు నేను మా మాస్టారిని అడిగేవాణ్ణి. పగడానికి వెచ్చని, ఉప్పని, తేటగా ఉండే నీరు కావాలి. ఎండ అడుగుదాకా చేరాలి. మన వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా నదులు ప్రతి వానాకాలంలోనూ తూర్పు కనుమల మట్టిని తెచ్చి సముద్రంలో కలుపుతాయి. అందుకే మన నీరు ఆ కాలంలో కావిరంగులో ఉంటుంది. అంతమాత్రాన మన సముద్రం తక్కువదని నేను అనను. ఆ మట్టితో వచ్చే సారమే మన చేపలకూ రొయ్యలకూ మేత. ఏ సముద్రం గొప్ప దానిది.

జాలీబాయ్ దగ్గర పెద్ద పడవ ఒడ్డు దాకా వెళ్ళదు. కొంత దూరంలో ఆగితే, అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లోకి మనల్ని మారుస్తారు. ఆ అద్దంలోకి వంగి చూసిన మొదటి నిమిషంలో నాకు మాట రాలేదు. జింక కొమ్ముల్లా చీలిన పగడాలు, గుమ్మడికాయంత గుండ్రని పగడాలు, వాటి మీద మెదడు ముడతల్లాంటి గీతలు, వాటి నడుమ ఊగుతున్న, పువ్వుల్లా కనిపించే సీ అనెమొనీ అనే జీవులు, వాటి మీసాల మధ్య దాక్కుంటూ బయటికి వస్తూ ఉండే నారింజరంగు చేపలు. చూడడానికి రాయిలాగో చెట్టులాగో ఉన్నా, పగడం ఒక జీవి. పెసరగింజంత, కొన్నిచోట్ల అంతకన్నా చిన్న జీవులు వేలకొద్దీ ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకొని, తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండ సాయంతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది, పగడం దానికి నీడ ఇస్తుంది. గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. నా కింద కనిపించిన ఆ గుమ్మడికాయంత పగడం వయసు ఎంత ఉంటుందో మీరే లెక్కవేసుకోండి. దాని మీద ఎవరైనా ఒక్కసారి కాలు మోపితే ఆ జీవులు నలిగిపోతాయి.

తరవాత కళ్ళజోడు పెట్టుకొని, ఊపిరి గొట్టం నోట కరుచుకొని, మార్గదర్శి చెయ్యి పట్టుకొని నీళ్ళలో తేలాను. చెవులు నీళ్ళలో మునగగానే ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు కరకరమనే చప్పుడు వినిపించింది. పైకి లేచి అడిగితే, మార్గదర్శి వేలితో చూపించారు. ఆకుపచ్చా నీలమూ కలిసిన ఒక చిలుక చేప, చిలుక ముక్కులాంటి తన పళ్ళతో చచ్చిన పగడాన్ని గీరి తింటోంది. దానికి కావలసింది ఆ రాయికి పట్టిన నాచు. నాచుతో పాటు మింగిన సున్నపురాయి దాని కడుపులో పిండి అయి, తెల్లని ధూళిలా వెనక నుంచి రాలిపోయింది. ఆ ధూళి మెల్లగా అడుగుకు దిగడం నేను చూశాను. జాలీబాయ్ ఒడ్డున మేము చెప్పులు విడిచి నడిచిన ఆ తెల్లని ఇసుకలో ఎక్కువ భాగం అలా పగడం పిండి అయి ఏర్పడినదే. ఆ చేప నాచును గీరకపోతే కొత్త పగడపు పిల్లలు నిలదొక్కుకోవడానికి చోటే దొరకదు.

అక్కడ అంతా పచ్చగా ఉందని చెబితే అది అబద్ధం అవుతుంది. 2010 వేసవిలో అండమాన్ సముద్రం మామూలు కంటే బాగా వేడెక్కింది. వేడి పెరిగితే పగడం తనలోని నాచును బయటకు నెట్టేస్తుంది. అప్పుడు దాని రంగు పోయి, సున్నం కొట్టినట్టు తెల్లగా మిగులుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. ఆ ఏడాది దక్షిణ అండమాన్ చుట్టూ ఎన్నో పగడాలు అలా పోయాయి. నేను చూసిన చోట కూడా విరిగిన కొమ్మలు కట్టెల కుప్పలా పడి ఉన్న జాగాలు ఉన్నాయి. వాటి మధ్య ఐదు రూపాయల నాణెమంత ఊదారంగు పగడపు మొలక ఒకటి రాయిని కరుచుకొని ఉంది. సముద్రం వేడెక్కడాన్ని ఆ దీవి కాపలాదారు ఎవరూ ఆపలేరు. వారు ఆపగలిగినవి వల, లంగరు, ప్లాస్టిక్ సంచి, మనిషి కాలు. ఆ నాలుగింటినీ దూరంగా ఉంచితే ఆ మొలకకు ఎదిగే అవకాశం ఉంటుంది.

వెళ్ళాలనుకునే శ్రోతలకు ఒకటి రెండు మాటలు. అక్కడి నుంచి గవ్వ అయినా, పగడం ముక్క అయినా జేబులో వేసుకోకండి. జాతీయ వనం నుంచి ఏదీ తీసుకురాకూడదు. అదిగాక పగడాలకూ, కొన్ని రకాల శంఖాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉంది. ఈత రాదని బెంగపడనక్కరలేదు, అద్దపు పడవలోంచే చాలా కనిపిస్తుంది. ఆటుపోట్లను బట్టి, గాలిని బట్టి పడవ ఆగిపోయే రోజులు కూడా ఉంటాయి కాబట్టి, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు మిగుల్చుకోండి.

సాయంత్రం రేవులో సీసాలు లెక్క అప్పజెప్పి, ధరావతు సొమ్ము తీసుకొని ఇంటికి చేరేసరికి, మా మావయ్య గుమ్మంలో కూర్చొని వల అల్లుతున్నారు. ఆ వనం హద్దులోకి వేటకు వెళ్ళకూడదు కదా, మీకు కోపం రాలేదా అని అడిగాను. ఆయన చేతిలోని కండె ఆపకుండానే చెప్పారు. "మొదట్లో వచ్చింది అల్లుడూ. తరవాత చూసుకుంటే, అక్కడ పెరిగినవే బయటికొచ్చి మా వలల్లో పడతన్నాయి. పుట్టింటిని దోచుకుంటే పిల్ల ఎక్కడికొస్తాది?"

మన జిల్లాలో సముద్ర జాతీయ వనం లేదు. అయితే మన ఇసుకకు ఏటా వచ్చే అతిథులు ఉన్నారు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్ళతో గుంట తవ్వి, ఒక్కో గుంటలో వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవారేలోగా వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా ఆ గుడ్లను ఏరి, కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టే పని మన తీరంలో కొన్నిచోట్ల జరుగుతోంది. దానికి చేయి సాయం పడుతున్న వారిలో వేటకు వెళ్ళే కుర్రవాళ్ళు కూడా ఉన్నారు.

అండమాన్ నుంచి వచ్చిన మరుసటి మార్చిలో, బారువ వైపు అలాంటి ఒక కంచె దగ్గర నేను తెల్లవారుజామున నిలబడ్డాను. గుడ్లు పాతిపెట్టాక పిల్లలు బయటపడడానికి నలభై అయిదు రోజుల పైనే పట్టింది. కొబ్బరిచిప్పలో పట్టేంత నల్లని పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఇసుకలోంచి పైకి వచ్చాయి. అవి వెలుగు ఎటు ఉంటే అటు నడుస్తాయి. అందుకని ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవారు తమ లైట్లు ఆర్పేసి, వాటి దారిలో ఉన్న రెండు పడవలను నలుగురూ కలిసి పక్కకు జరిపారు. ఆఖరి పిల్ల నీటి అంచుకు చేరి, మొదటి కెరటానికి వెనక్కి పడి, రెండో కెరటంతో వెళ్ళిపోయాక మావయ్యకు ఫోను చేశాను.

"ఎన్ని వెళ్ళాయి?" అని అడిగారు ఆయన.

"తొంభై ఆరు" అన్నాను.

నమస్కారం.