లీవ్ ఓకే అయింది కదా, ఇంకేంటి? అమెరికా సైన్యంలో పిల్లలున్న తెలుగు ఇళ్లకు

నమస్తే అండి. పోయిన నెల నాకొక ఫోన్ వచ్చింది. డాలస్ దగ్గర ఉండే ఒక ఆంటీ. చిన్నబ్బాయి అమెరికా ఆర్మీలో చేరి రెండేళ్లయింది. పెద్దబ్బాయి పెళ్లి మంచిర్యాలలో, పెళ్లికూతురు వాళ్ల ఊళ్లో. ఇంటిల్లిపాదికీ దోహా మీదుగా టికెట్లు కొనేశారు. క్యాన్సిల్ చేస్తే రూపాయి తిరిగిరాని టికెట్లు.

ఆవిడ అన్న మాటలు యథాతథంగా చెప్తాను. "వానికి లీవు ఓకే అయింది బిడ్డా. వాళ్ల సార్జెంటే సరే అన్నడట. ఇప్పుడేమో ఏదో ట్రైనింగంట, బ్రీఫింగంట, ఏ ఊర్ల ఉంటవు, ఎవరింట్ల ఉంటవు అని అడుగుతున్నరంట. వాని లీవు, మా పైసలు, మా ఇంట్ల పెళ్లి. మధ్యల వీళ్లకేం పని?"

నేను ఆ ఆర్మీలో ఎనిమిదేళ్లు చేశాను. అందులో ఐదేళ్లు ఎస్-1 అనే ఆఫీసులో. లీవులు, జీతాలు, కాగితాలు అన్నీ అక్కడే నడుస్తాయి. ఈ ప్రశ్న నా బల్ల ముందు నిలబడి ఎంతమంది పిల్లలు అడిగారో లెక్కలేదు. వాళ్ల తప్పు కూడా కాదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ వీడియో.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెళ్లిళ్లకు కాసులపేరు ఎరువు తెచ్చుకునేవాళ్లు. ఊరంతటికీ మూడో నాలుగో ఉండేవి. ఇచ్చే ఆవిడ ఎప్పుడూ కాదనేది కాదు. కానీ అడిగేది. ఎవరి పెళ్లి? ఏ ఊరు? బస్సా, బండా? రాత్రి అక్కడే పడుకుంటారా? ఎప్పుడు తెచ్చిస్తారు? ఇద్దరి ఎదురుగా కాసులు లెక్కపెట్టి చేతికిచ్చేది. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు కదా, మెడలో ఉన్నంతసేపూ మా అమ్మమ్మ చెయ్యి దాని మీదే ఉండేదట.

లీవ్ మీద ఇంటికొచ్చే సైనికుడు ఆ కాసులపేరు లాంటివాడు. కన్నది మనమే, కానీ సంతకం పెట్టిన రోజు నుంచి ఆ సొమ్ము ఇంకొకరి లెక్కలో ఉంది. పెళ్లికి మనం ఎరువు తెచ్చుకుంటున్నాం. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతా రూల్స్ చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ఏడాదికి 30 రోజుల లీవ్, నెలకు రెండున్నర రోజుల చొప్పున జమవుతుంది. అది వాళ్ల హక్కే. కానీ ఎప్పుడు వాడుకోవాలన్నది కమాండర్ చేతిలో ఉంటుంది. అవసరమైతే మధ్యలో వెనక్కి పిలవొచ్చు. లీవ్‌లో ఉన్నా సైనిక చట్టం వర్తిస్తూనే ఉంటుంది, మంచిర్యాలలో ఉన్నా సరే. చెప్పిన రోజుకు తిరిగి రాకపోతే ఆర్టికల్ 86, అంటే అనుమతి లేని గైర్హాజరు.

ఇక అసలు పాయింటు. లీవ్ ఓకే అవడం వేరు, ఫలానా దేశానికి వెళ్లడానికి ఓకే అవడం వేరు.

[స్క్రీన్ మీద మ్యాప్: ఇంచియాన్, చైనా, వ్లాదివోస్తోక్. పక్కన ఎంతో దూరంలో టెక్సస్.]

2024లో జరిగింది చెప్తాను. దక్షిణ కొరియాలో పనిచేసే ఒక స్టాఫ్ సార్జెంట్‌కు అక్కడ డ్యూటీ అయిపోయింది. టెక్సస్‌కు బదిలీ. ఏప్రిల్ 10న లీవ్ మీద సంతకం పెట్టి బయటికొచ్చాడు. ఇంటికి వెళ్లాలి. వెళ్లలేదు. ఇంచియాన్‌లో విమానం ఎక్కి చైనా మీదుగా రష్యాలోని వ్లాదివోస్తోక్‌కు వెళ్లాడు, స్నేహితురాలిని చూడటానికి. మే 2న అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. 10,000 రూబుళ్లు దొంగిలించాడని, చంపుతానని బెదిరించాడని ఆమె చేసిన ఫిర్యాదు మీద జూన్‌లో 3 సంవత్సరాల 9 నెలల శిక్ష వేశారు. తర్వాతి ఏడాది 3 సంవత్సరాల 2 నెలలకు తగ్గించారు. అతను ఈ ప్రయాణానికి అనుమతి అడగనే లేదని అమెరికా సైన్యం చెప్పింది.

చూడండి, ఇతనికి లీవ్ ఉంది. ఓకే అయిన లీవే. అన్నవరంలో పెళ్లని చెప్పి కాసులపేరు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంకెక్కడికో పెట్టుకెళ్లడం లాంటిది ఇది. అక్కడేదైనా జరిగితే నగ ఎక్కడుందో కూడా ఆవిడకు తెలియదు. నన్ను బాధపెట్టేది అదే. ఒక మనిషి చైనా దాటి రష్యా జైల్లో పడేదాకా ఎక్కడున్నాడో అతని సొంత యూనిట్‌కు తెలియకపోవడం.

అలాగని ఆర్మీ వాళ్లు పిల్లల్ని విదేశాలకు పంపరని భయపడొద్దు. ఈ పుకారు కూడా మనవాళ్లలో బాగా ఉంది. 2015 ఆగస్టు 21న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్ వెళ్లే రైల్లో తుపాకీతో వచ్చినవాడిని పట్టుకుని కట్టేసిన ముగ్గురు అమెరికన్ స్నేహితులు గుర్తున్నారా? అందులో ఇద్దరు సైనికులు. సెలవులకని యూరప్ తిరగడానికి వచ్చినవాళ్లే. కాబట్టి వెళ్లొచ్చు. ఎక్కడికో చెప్పి వెళ్లాలి.

ఎలా చెప్పాలి? అమెరికా రక్షణ శాఖకు ఫారిన్ క్లియరెన్స్ గైడ్ అని ఒకటుంది. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ. డ్యూటీ మీద వెళ్తే ఏం కావాలి, సొంత లీవ్ మీద వెళ్తే ఏం కావాలి అని విడివిడిగా ఉంటుంది. లీవ్ కాగితం నింపకముందే అబ్బాయి ఆ పేజీ చూడాలి. దేశమంటే దిగే దేశం ఒక్కటే కాదు, దోహాలో ఆరు గంటలు ఆగుతుంటే దాని పేజీ కూడా చూసుకోవాలి. టికెట్ కొనేముందు మరోసారి చూడాలి, ఎందుకంటే పేజీలు మారతాయి. 2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత యూరప్‌లో ఉన్న అమెరికా సైనికులను సొంత పనుల మీద పారిస్ వెళ్లకుండా కొంతకాలం ఆపేశారు. అంతకు ముందు వారం వెళ్లొచ్చు, తర్వాతి వారం వెళ్లకూడదు.

ఊరి పేరు కూడా అసలుది రాయాలి. మనవాళ్లందరూ "హైదరాబాద్" అని రాసేస్తారు. నేను ఎస్-1లో ఉన్నప్పుడు గుంటూరు వెళ్లేవాడూ హైదరాబాదే, తిరుపతి వెళ్లేవాడూ హైదరాబాదే. అమెరికా విదేశాంగ శాఖ ఇండియా గురించి ఇచ్చే ప్రయాణ సూచనల్లో చాలా ఏళ్లుగా ఉత్తర తెలంగాణ పేరు ఉంటూ వచ్చింది, మావోయిస్టుల కారణంగా. మంచిర్యాల ఎలాంటి ఊరో మనకు తెలుసు, బొగ్గు గనులు, గోదావరి, మామూలు జీవితం. కానీ కాగితం మీద హైదరాబాద్ రాసి మంచిర్యాలలో ఉంటే, అన్నవరం చెప్పి ఇంకెక్కడికో వెళ్లినట్టే అవుతుంది. ఆంటీకి ఇదే చెప్పాను. పెళ్లి మండపం పేరు, వియ్యాలవారి ఇంటి అడ్రసు, ఇద్దరి ఫోన్ నంబర్లు అబ్బాయికి ఇవ్వండి, వాడు రాసి ఇస్తాడు, అయిపోతుంది.

ఆ ట్రైనింగులేంటంటే, ఉగ్రవాదం నుంచి జాగ్రత్త పడటం మీద ఏడాదికోసారి చేసే ఆన్‌లైన్ కోర్సు ఒకటి. వెళ్లే ప్రాంతం గురించి ఇచ్చే బ్రీఫింగ్ ఇంకొకటి, అది ప్రయాణానికి ముందు మూడు నెలల లోపు తీసుకున్నదై ఉండాలి. కొన్ని దేశాలకైతే ఐసోప్రెప్ అనే ఫారం కూడా నింపిస్తారు. మనిషి తప్పిపోతే, వెతకడానికి వచ్చినవాళ్లు ఇతను అతనేనా అని తేల్చుకోవడానికి తనకు మాత్రమే తెలిసిన కొన్ని సంగతులు అందులో రాయాలి. నేను మొదటిసారి నింపినప్పుడు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. నన్ను వెతకడానికి ఎవరో వస్తారని ముందే రాసిపెట్టుకోవడం అది. కాసులు లెక్కపెట్టి ఇవ్వడమంటే ఇదే. కాబట్టి అబ్బాయి ఏం రాశాడో అడక్కండి, ప్లీజ్.

సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి ఉన్న పిల్లలకు ఇంకొక మెట్టు. 2017 నుంచి అమలులో ఉన్న రూల్ ప్రకారం సొంత విదేశీ ప్రయాణం ముందుగానే తమ సెక్యూరిటీ ఆఫీసుకు రిపోర్టు చేయాలి. ప్లాన్ మారితే, అంటే మంచిర్యాల తర్వాత గోవా వెళ్దామని కజిన్స్ లాక్కెళ్తే, తిరిగొచ్చాక ఐదు పనిదినాల్లోపు చెప్పాలి. పెళ్లిలో పరిచయమైన ఎవరో యూనిట్ గురించి, చేసే పని గురించి మళ్లీ మళ్లీ అడిగితే అదీ చెప్పాలి. పెద్దనాన్న "ఏం చేస్తున్నావురా?" అనడం గురించి కాదు నేను చెప్పేది. తర్వాత వాట్సాప్‌లో వచ్చి వదలకుండా అడిగేవాళ్ల గురించి.

ఇప్పుడు మనవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు. ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, పనిచేసి రిటైరైనవాళ్లకు కూడా భారత ప్రభుత్వం ఓసీఐ ఇవ్వదు, అంటే వేరే దేశ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా వచ్చిపోయే కార్డు. ఇంట్లో అందరికీ ఓసీఐ కార్డులున్నాయి కదా, వీడికీ అప్లై చేద్దాం అనుకోకండి. అమెరికా పౌరుడైతే వీసా తీసుకోవాలి. ఆ వీసా ఫారంలో సైన్యంలోనో పోలీసులోనో భద్రతా సంస్థలోనో పనిచేశారా అని సూటిగా అడుగుతారు. అవునంటే ర్యాంకు, పోస్టింగు రాయాలి. ఫారం నింపిపెట్టే బంధువెవరో "ఎందుకొచ్చిన గొడవ" అని "లేదు" కొట్టేస్తాడు. ఆ పని చేయనివ్వద్దు. అబద్ధం మీద వచ్చిన వీసాతో దిగినవాడిని ఏ యూనిట్ వెనకేసుకొస్తుంది? ఆర్మీ ఇచ్చిన అఫీషియల్ పాస్‌పోర్టు ఉంటే దాన్ని లీవ్‌కు వాడకూడదు, మామూలు పాస్‌పోర్టే. గ్రీన్ కార్డు మీద చేరి ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న పిల్లలకు వీసా గొడవ లేదు, లీవ్ రూల్స్ మాత్రం అందరితో సమానమే.

[టేబుల్ మీద ఒక నల్ల బ్యాక్‌ప్యాక్. జిప్‌లు ఒక్కొక్కటే తెరుస్తూ.]

ఈ బ్యాగు చూడండి. ఇలాంటిదే పట్టుకుని పిల్లలు షూటింగ్ రేంజ్‌కి వెళ్తారు, దాన్నే పట్టుకుని ఇండియా వెళ్తారు. ఈ లోపలి చిన్న జేబు, ఇదిగో, కుట్టు దగ్గర చెయ్యి పెడితే తప్ప తెలియదు. ఇక్కడ ఒక్క తూటా మిగిలిపోయినా మన ఆయుధాల చట్టం కింద కేసు. అందుకే బ్యాగు తిరగేసి దులపండి, ఇంకా మంచిది వేరే బ్యాగు తీసుకెళ్లండి. వేప్ పెన్ను వద్దు, 2019 నుంచి ఇండియాలో ఈ-సిగరెట్లు నిషేధం. శాటిలైట్ ఫోన్ అసలు వద్దు, అనుమతి లేకుండా ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ట్రెక్కింగ్‌కు వాడే శాటిలైట్ మెసెంజర్లూ అంతే. యూనిఫాం సర్దొద్దు. హోటల్లో గుర్తింపు అడిగితే పాస్‌పోర్టు ఇవ్వాలి, మిలిటరీ ఐడీ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, జిరాక్స్ తీయనివ్వకూడదు.

ఇక ఫ్లెక్సీ. మన పెళ్లిళ్లలో గేటు దగ్గర ఫ్లెక్సీ లేకుండా ఉండదు. బాబాయిలు ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. అబ్బాయి యూనిఫాం ఫోటో, కింద "అమెరికా ఆర్మీ", పేరు, ఊరు, తేదీలు. దాన్ని ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి ఇరవై మందిని ట్యాగ్ చేస్తారు. ఎరువు తెచ్చిన కాసులపేరు మెడలో వేసుకుని బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడితే ఎలా ఉంటుంది? మా అమ్మమ్మ బస్సులో కొంగు నిండా కప్పుకునేదట, మండపంలోకి వెళ్లాకే తీసేదట. ఆ పిల్లాడు క్షేమంగా తిరిగి వెళ్లాక మీరు ఎన్ని ఫోటోలైనా పెట్టుకోండి. ఉన్నన్ని రోజులూ వద్దు. వాచీలో పరుగు లెక్కలు చూపించే యాప్‌లు కూడా ఆపేయాలి. 2018 జనవరిలో స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ హీట్ మ్యాప్ మీద, అంటే జనం ఎక్కడెక్కడ పరుగెత్తారో వెలుగులో చూపించే మ్యాప్ మీద, సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి, అక్కడ రోజూ పరుగెత్తిన సైనికుల అడుగుజాడలతోనే. ఆ ఏడాది ఆగస్టులోనే ఆపరేషన్లు జరిగే చోట్ల లొకేషన్ పరికరాలు వాడకుండా రక్షణ శాఖ ఆర్డర్ ఇచ్చింది.

వీడియో పెద్దదైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. అమెరికా పౌరులైతే అమెరికా విదేశాంగ శాఖ నడిపే స్టెప్ అనే ప్రోగ్రాంలో పేరు నమోదు చేసుకోవాలి, ఫ్రీయే, ఏదైనా జరిగితే కాన్సులేట్ నుంచి మెసేజ్ వస్తుంది. హైదరాబాద్ కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది, నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి, ఫోన్ పోతే ఆ కాగితమే దిక్కు. వాడే మందులు డాక్టర్ చీటీతో, వాటి డబ్బాల్లోనే తీసుకెళ్లాలి. జ్వరమొచ్చినా విమానం రద్దయినా లీవ్ అయిపోకముందే ఫోన్ చేయాలి, అయిపోయాక కాదు. తాతగారికి సీరియస్ అని సడన్‌గా బయల్దేరాల్సి వస్తే, మీరు అమెరికన్ రెడ్ క్రాస్‌కు ఫోన్ చేయండి. వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి నిజమేనని తేల్చి యూనిట్‌కు కబురు పంపుతారు, ఎమర్జెన్సీ లీవ్ ఆ దారిలోనే త్వరగా కదులుతుంది. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు, వార్డు ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని చేయండి.

ఆంటీ వాళ్లబ్బాయి సంగతి అడుగుతారని తెలుసు. కాగితాలన్నీ అయ్యేసరికి వాడి టికెట్ ఒక్కటీ నాలుగు రోజులు వెనక్కి మార్చాల్సొచ్చింది, దానికి డబ్బు కట్టారు. పెళ్లికొడుకును చేసే రోజుకు అందలేదు. పెళ్లికి ముందు రోజు రాత్రి శంషాబాద్‌లో దిగి, తెల్లారేసరికి మంచిర్యాల చేరి, తలంబ్రాల వేళకు అన్న వెనకాల నిలబడ్డాడు. గేటు దగ్గర ఫ్లెక్సీలో వాడు మామూలు నీలం చొక్కాలో ఉన్నాడు. ఆంటీయే దగ్గరుండి మార్పించారట. ఆ ఫోటో నాకు పంపారు, వాడు తిరిగి వెళ్లిన మర్నాడు.